ఉమ్మడి కప్పు క్రింద

పూర్వము మనవారు ఇల్లు కొన్నారనిన నేల కొన్నారనియే అర్థము. తూర్పున ఫలానావారి గోడ, పడమట పంచాయతీ బాట, ఉత్తరమున కాలువగట్టు అని నాలుగు హద్దులు చెప్పి దస్తావేజు వ్రాయించుకొనిన పిమ్మట, ఆ హద్దుల నడుమనున్న మట్టియు, చెట్టును, బావియు కొన్నవారివే. నేడు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము వంటి నగరములలో ఇల్లు కొనుచున్నవారిలో అనేకులు కొనుచున్నది నేలకు నలువది, ఏబది అడుగుల ఎత్తున నిలిచిన మూడు నాలుగు గదులను. ఆ గదుల నేల క్రిందివారికి పైకప్పు. మన పైకప్పు మీదివారికి నేల. నడిమి గోడ పొరుగువారితో ఉమ్మడి. మెట్లు అందరివి, లిఫ్టు అందరిది, సంపులోని నీరు అందరిది, డాబా అందరిది. అందరిదియు అయినదానిని ఎవరు చూడవలెను? ఈ ప్రశ్నకు సమాధానముగా పుట్టినదే ఫ్లాటు యజమానుల సంఘము.

సంఘమనగానే మనలో చాలమందికి తోచునది నెలనెలా మెయింటెనెన్సు వసూలు చేసి, వాచ్‌మన్‌కు జీతమిచ్చి, మోటారు కాలిపోయిన బాగుచేయించి, వినాయకచవితికి సెల్లారులో పందిరి వేయించు ఒక చిన్న ఏర్పాటు. చాలకాలము ఆ పని ఆ మాత్రమే. కాని చట్టము మారినది. నేడు సంఘము చందాలు పోగుచేయు ఏర్పాటు మాత్రమే కాదు. ఉమ్మడి ఆస్తికి హక్కుదారు, ఆ ఆస్తి పత్రములకు భాండాగారము, నిర్మాతపై ఫిర్యాదు చేయుటకు అర్హతగల వ్యక్తి. ఈ మార్పును ఎరిగి తన నడవడిని దిద్దుకొనిన సంఘము సభ్యుల సొమ్మును కాపాడును. ఎరుగని సంఘము ఏ తప్పును చేయకయే, కేవలము ఊరకుండుట చేతనే, వారి సొమ్మును పోగొట్టును. ఈ ప్రసంగములో మేము చెప్పదలచినది ఇదియే.

మొదట అవిభక్త వాటా యనునదేమో చూతము. ఫ్లాటు విక్రయ దస్తావేజును తెరచినచో అందులో రెండు సంగతులు కనిపించును. ఒకటి, ఇన్ని చదరపు అడుగుల ఫ్లాటు. రెండవది, భవనమున్న మొత్తము స్థలములో ఇన్ని గజముల అవిభక్త వాటా. ఈ రెండవ మాటను చాలమంది చదువకయే సంతకము చేయుదురు. నలువది గజముల వాటా ఉన్నంతమాత్రమున ఆ నలువది గజములు ఎక్కడనున్నవో ఎవరును చూపలేరు. అవి గేటువద్ద లేవు, సెల్లారులో లేవు; మొత్తము స్థలమున పాలలో నీరువలె కలిసియున్నవి.

ఈ భావము మనకు క్రొత్తది కాదు. అవిభక్త కుటుంబమును ఎరిగిన జాతి మనది. విజ్ఞానేశ్వరుని మితాక్షరను పదమూడవ శతాబ్దమునందే కేతన తెలుగు చేసినాడు. ఉమ్మడి ఆస్తిలో ప్రతి వాటాదారునకు ప్రతి అణువునందును హక్కు కలదనియు, దానిని నిర్వహించు పెద్ద దాని యజమాని కాక బాధ్యుడు మాత్రమే యనియు మన పెద్దలకు తెలియును. అపార్టుమెంటు సంఘపు కార్యవర్గము స్థానము ఇంచుమించు అదియే. భేదమొక్కటి: కుటుంబములో ఇష్టము లేనివాడు పంపకము కోరవచ్చును. అపార్టుమెంటులో మెట్లను, లిఫ్టును, పునాదిని పంచుకొనుట ఎవరికిని సాధ్యము కాదు. విడిపోవుటకు వీలులేని ఉమ్మడి ఇది. కావుననే దీనికి ప్రత్యేక చట్టము కావలసివచ్చినది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశములో ఆ చట్టము 1987లో వచ్చినది. అపార్టుమెంట్ల నిర్మాణ ప్రోత్సాహమునకును, యాజమాన్యమునకును సంబంధించిన ఆ శాసనము, ఫ్లాటు అనునది వారసత్వముగా సంక్రమించుటకును, విక్రయించుటకును తగిన స్థిరాస్తి యని స్పష్టపరచినది. ఉమ్మడి భాగములు ఉమ్మడిగానే ఉండవలెనని చెప్పినది. యజమానులు సంఘముగా ఏర్పడి నియమావళి వ్రాసికొనుటకు దారి చూపినది. 2001లో వచ్చిన సంఘముల నమోదు చట్టము క్రింద అనేక అపార్టుమెంటు సంఘములు రిజిస్టరైనవి. అయినను ఆచరణలో బిల్డరు చేతిలోని కాగితములు బిల్డరు చేతిలోనే ఉండిపోయెడివి. భవనములోని లోపములను గూర్చి అడుగబోయినచో, ‘మీ దస్తావేజులో అట్లు లేదు’ అను సమాధానము వచ్చెడిది.

పెద్ద మార్పు 2016లో వచ్చినది. స్థిరాస్తి వ్యాపారమును క్రమబద్ధము చేయుటకు పార్లమెంటు ఒక చట్టము చేసినది. జనులు దీనిని ‘రెరా’ యని పిలుచుచున్నారు. అందులో కొన్ని భాగములు 2016 మే 1 నుండియు, తక్కినవి 2017 మే 1 నుండియు అమలులోనికి వచ్చినవి. తెలంగాణ రాష్ట్రములో 2017 జనవరి 1వ తేదీన గాని, తరువాత గాని నిర్మాణానుమతి పొందిన ప్రాజెక్టులకు ఇది వర్తించునని ఆ రాష్ట్రపు నియమములు చెప్పుచున్నవి. స్థలము 500 చదరపు మీటర్లకు, అనగా సుమారు 598 గజములకు మించనప్పుడు గాని, ఫ్లాట్లు 8కి మించనప్పుడు గాని ప్రాజెక్టును నమోదు చేయవలసిన పనిలేదు. కావున ప్రతి సంఘమును మొదట తెలిసికొనవలసినది, తమ భవనము ఈ చట్టపు గొడుగు క్రిందికి వచ్చునా రాదా యను సంగతి. నిర్మాణానుమతి పత్రము మీది తేదీని చూచినచో సగము సమాధానము అక్కడనే దొరకును.

ఈ చట్టము సంఘమునకు సంబంధించి తెచ్చిన మార్పులలో ముఖ్యమైనవి నాలుగు.

మొదటిది సంఘము పుట్టుక. స్థానిక చట్టము వేరుగా చెప్పనప్పుడు, ఫ్లాట్లలో అధికసంఖ్యాకము బుక్కయిన మూడు నెలలలోగా సంఘము ఏర్పడునట్లు చూచుట నిర్మాత విధి. సంఘ నిర్మాణములో పాల్గొనుట కొనుగోలుదారు విధి. అనగా అందరును గృహప్రవేశము చేసి, పాలు పొంగించి, ఆ పైన తీరికగా సంఘము పెట్టుకొందము అనుకొనుటకు లేదు. ఇల్లు కట్టుచుండగనే సంఘము కన్ను తెరవవలెను. సంఘము నిర్వహణను స్వీకరించువరకు నీరు, దీపము, లిఫ్టు మొదలైన అత్యవసర సౌకర్యములను న్యాయమైన రుసుముపై నడపవలసిన భారము నిర్మాతదే. నిర్మాత నమోదు రద్దయినను, గడువు తీరిపోయినను, మిగిలిన నిర్మాణమును చేపట్టుటకు మొదటి అవకాశము కొనుగోలుదారుల సంఘమునకే యిచ్చినది ఈ చట్టము. సంఘమే లేనిచోట ఈ అవకాశమును చేజిక్కించుకొనువారెవరు?

రెండవది హక్కు. మన ప్రాంతములో ఇంతవరకు వాడుక, ప్రతి ఫ్లాటు దస్తావేజులోనే అవిభక్త వాటాను గజములలో వ్రాయుట. 2016 చట్టము మరియొక మాట చెప్పినది: ఉమ్మడి భాగములలోని అవిభక్త హక్కును నిర్మాత కొనుగోలుదారుల సంఘము పేర రిజిస్టరు చేసి యియ్యవలెను. స్థానిక చట్టములో వేరు గడువు లేనప్పుడు, ఆక్యుపెన్సీ సర్టిఫికెటు వచ్చిన మూడు నెలలలోగా ఇది జరుగవలెను. పేరులేని గుంపు దస్తావేజు వ్రాయించుకొనలేదు. సంఘము చట్టరీత్యా నమోదై, తన పేర పాన్ నంబరును, బ్యాంకు ఖాతాను కలిగియుండవలెను. కార్యదర్శి సొంత ఖాతాలో మెయింటెనెన్సు జమచేయు అలవాటు ఇంకను కొన్నిచోట్ల కలదు. ఆ కార్యదర్శి ఎంత నీతిమంతుడైనను ఆ అలవాటు చెల్లదు.

మూడవది పత్రములు. నివాసమునకు అనుమతి వచ్చి ఫ్లాట్లు అప్పగించిన పిమ్మట, ప్లానులను, ఇతర అవసర పత్రములను నిర్మాత సంఘమునకు అందజేయవలెను. దీనికి చట్టము చెప్పిన గడువు, వేరు స్థానిక నియమము లేనప్పుడు, 30 రోజులు. ఆమోదము పొందిన ప్లాను, స్తంభముల ఇనుప కట్టడపు నమూనాలు, విద్యుత్తు తీగెల దారి, మురుగు గొట్టముల దారి, అగ్నిమాపక శాఖ పత్రము, లిఫ్టుకు, జనరేటరుకు, ట్రాన్స్‌ఫార్మరుకు సంబంధించిన కాగితములు, ఇవన్నియు భవనపు జాతకచక్రము వంటివి. ఇరువది యేండ్ల తరువాత గోడలో గొట్టము పగిలినప్పుడు ఏ గోడను కొట్టవలెనో ఆ నమూనా చెప్పును. అది లేనిచో మేస్త్రి సుత్తి తగిలిన చోటెల్ల గోడ కూలవలసినదే.

నాలుగవది లోపముల బాధ్యత. ఇది అన్నిటిలోను విలువైనది. అన్నిటిలోను తేలికగా చేజారిపోవునది. ఫ్లాటును అప్పగించిన నాటి నుండి 5 సంవత్సరములలోగా కట్టడములో గాని, పనితనములో గాని, నాణ్యతలో గాని, సౌకర్యములలో గాని లోపము కనబడి, ఆ సంగతి నిర్మాత దృష్టికి తెచ్చినచో, అతడు 30 దినములలో ఏ రుసుమును లేకుండ దానిని సరిచేయవలెను. చేయనిచో నష్టపరిహారము కోరవచ్చును. ఈ 5 సంవత్సరములు నిశ్శబ్దముగా గడచిపోవును. ఎవరును తలుపు తట్టి, ‘రేపటితో మీ గడువు ముగియుచున్నది’ అని చెప్పరు.

మేమెరిగిన ఒక భవనమున్నది. నలువది ఫ్లాట్లు. 2019 దసరాకు యజమానులందరికిని తాళపుచెవులు ఇచ్చినారు. మూడవ వర్షాకాలములో సెల్లారు గోడకు చెమ్మ పట్టినది. మరుసటి వర్షాకాలమునకు ఆ చెమ్మ ధారయైనది. స్తంభము మొదట సిమెంటు పెచ్చులూడి ఇనుము కనబడజొచ్చినది. కార్యదర్శి మంచివాడు. బిల్డరుకు ఫోను చేసినాడు. బిల్డరును మంచిగానే మాటాడినాడు: ‘చూద్దాం లెండి, వానలు తగ్గనీయండి.’ వానలు తగ్గినవి. మరల వచ్చినవి. ఆ సంవత్సరము సర్వసభ్య సమావేశములో సాయంకాలమంతయు భవనమునకు ఏ రంగు వేయవలెనను వాదముతో గడచినది.

ఆ భవనములో మూడవ అంతస్తులో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు కలడు. ఉద్యోగ విరమణ సమయమున వచ్చిన సొమ్మంతయు ఆ ఫ్లాటులోనే పెట్టినవాడు. ఆయన ఆనాటి సమావేశములో, ‘నాయనా, రంగు సంగతి తరువాత. ఆ చెమ్మ సంగతి కాగితం మీద పెట్టారా?’ అని అడిగినాడు. ‘బిల్డరు గారు మాట ఇచ్చారు గదా మాస్టారూ’ అని కార్యదర్శి అన్నాడు. మాట నిజమే; కాగితము లేదు. 2024 నవంబరులో మొదటి ఉత్తరము వెళ్ళినది. అప్పటికి 5 సంవత్సరములు నిండి కొన్ని వారములైనది. గడువులోపల తమకు తెలియజేయలేదని సమాధానము వచ్చినది. ఫోనులో చెప్పితిమని సంఘము, వినలేదని అవతలివారు. బాగుచేయుటకు పదునెనిమిది లక్షలు కావలసివచ్చినది. ఇంటికి నలువదియైదు వేలు. పింఛను మీద బ్రతుకు మాస్టారు ఆ సొమ్మును మూడు విడతలుగా చెల్లించినాడు. ఎవరిని నిందించలేదు. ‘పాఠం చెప్పినవాణ్ణి, తేదీ వెయ్యమని గట్టిగా చెప్పలేకపోయాను’ అని మాత్రము అన్నాడు.

ఒక్క ఉత్తరము, దానికొక రిజిస్టర్డు పోస్టు రసీదు, వీని విలువ ఆ భవనములో పదునెనిమిది లక్షలైనది. కావున క్రొత్త చట్టము క్రిందికి వచ్చు ప్రతి సంఘమును చేయవలసిన మొదటి పని, ఒక తేదీల పుస్తకము తెరచుట. ఏ ఫ్లాటును ఏ దినమున అప్పగించిరో, ఆ ఫ్లాటునకు 5 సంవత్సరములు ఏనాటికి నిండునో అందు వ్రాయవలెను. నాలుగవ సంవత్సరము ముగియుటకు ముందే అర్హతగల ఇంజనీరుచేత పునాది నుండి డాబా వరకు పరీక్ష చేయించి, లోపముల జాబితాను ఛాయాచిత్రములతో సహా వ్రాతమూలముగా నిర్మాతకు పంపవలెను. సమాధానము రానిచో రాష్ట్రపు రెరా సంస్థ యెదుట సంఘమే ఫిర్యాదు చేయవచ్చును. నలువదిమంది విడివిడిగా తిరుగవలసిన పనిలేదు. ఈ చట్టము సంఘమునకు ఆ గొంతుక నిచ్చినది.

ఇప్పుడు సమ్మతిని గూర్చి చెప్పవలసియున్నది. ఉమ్మడి ఆస్తిలో ఒకరి వాటాను తగ్గించవలెనన్న వారిని అడుగవలెను. ఇది ధర్మము, ఇప్పుడు చట్టమును. ఆమోదము పొందిన ప్లానులోను, ఉమ్మడి భాగములలోను మార్పు చేయదలచిన నిర్మాత, కొనుగోలుదారులలో కనీసము మూడింట రెండు వంతుల మంది వ్రాతపూర్వక సమ్మతిని ముందుగా పొందవలెనని 2016 చట్టము చెప్పుచున్నది. ఈ సమ్మతి యను మాట ఎంత బరువైనదో ఉత్తరప్రదేశములోని నోయిడా నగరపు ఎమరాల్డ్ కోర్టు కథ మనకు చూపినది.

అచ్చట మొదటి ప్రణాళికలో తోటగా చూపిన స్థలములో రెండు ఎత్తయిన గోపురములు లేచినవి. అపెక్స్, సెయేన్ అని వాని పేర్లు. పాత భవనముల నివాసుల సంఘము, భవనముల నడుమ ఉండవలసిన దూరము పాటింపబడలేదనియు, తమ సమ్మతి తీసికొనలేదనియు 2012లో అలహాబాదు ఉన్నత న్యాయస్థానమునకు పోయినది. నివాసులు తమలో తాము చందాలు వేసికొని వ్యాజ్యమును నడిపిరి. 2014 ఏప్రిలులో ఉన్నత న్యాయస్థానము ఆ గోపురములను కూల్చివేయుమన్నది. 2021 ఆగస్టు 31న సుప్రీంకోర్టు ఆ తీర్పును స్థిరపరచినది. క్రొత్త గోపురములలో క్రొత్త యజమానులు చేరినచో, ఉమ్మడి భాగములలో పాత యజమానుల అవిభక్త వాటా తగ్గిపోవుననియు, వారి సమ్మతి లేక అట్లు చేయుట ఆ రాష్ట్రపు 2010 నాటి అపార్టుమెంట్ల చట్టమునకు విరుద్ధమనియు నిర్ణయించినది. 2022 ఆగస్టు 28న, సుమారు నూరు మీటర్ల ఎత్తున నిలిచిన ఆ కట్టడములు కొన్ని క్షణములలో ధూళియైనవి.

ఈ కథలో మేము గమనింపదగినదిగా భావించునది ఆ ప్రేలుడు కాదు. పది సంవత్సరముల ఓర్పు. మొదటి ప్రణాళిక ప్రతిని, సవరించిన ప్రణాళికను, అధికారులకు వ్రాసిన ఉత్తరములను సంపాదించి భద్రపరచిన సంఘమే అట్టి వ్యాజ్యమున నిలువగలదు. మన సంఘములలో కార్యవర్గము మారినప్పుడెల్ల పాత కార్యదర్శి బీరువాతో పాటు ఫైళ్ళును కనుమరుగగుచుండును. కార్యవర్గము మారవచ్చును, ఫైళ్ళు మారరాదు. పదవి అప్పగించునాడు పత్రముల జాబితా వ్రాసి, ఇచ్చినవారును పుచ్చుకొన్నవారును సంతకములు చేయుట నియమావళిలోనే ఉండవలెను.

కార్లు నిలుపు చోటును గూర్చిన తగవు ప్రతి అపార్టుమెంటులోను కలదు. స్టిల్టులోని చోటును వేరు ఆస్తివలె అమ్మివేయుట పూర్వపు వాడుక. ముంబయిలోని ఒక గృహ సహకార సంఘపు వ్యాజ్యములో 2010 ఆగస్టు 31న సుప్రీంకోర్టు, స్టిల్టులోని పార్కింగు చోటు స్వతంత్రముగా అమ్ముటకు తగిన ఫ్లాటు కాదనియు, అది ఉమ్మడి భాగములోనిదనియు తీర్పు చెప్పినది. అది మహారాష్ట్ర చట్టమును పట్టి చెప్పిన తీర్పు. అయినను దాని తర్కము అన్ని రాష్ట్రముల వారును ఆలోచింపదగినది. చోట్లను కేటాయించునప్పుడు కార్యదర్శి ఇష్టము కాక, సర్వసభ్య సమావేశపు తీర్మానము ఆధారము కావలెను.

ఇక నిధి సంగతి. భవనము మనుష్యునివలె వృద్ధాప్యము చెందును. పదునైదవ యేట లిఫ్టు మార్చవలెను. ఇరువదవ యేట గొట్టములు మార్చవలెను. ముప్పదవ యేట కాంక్రీటును పరీక్షింపవలెను. నెలకు రెండువందలు పెంచుదమనినచో సమావేశములో ఒక్క చేయియు లేవదు. ఈ విషయమున దూరదేశపు సంగతి యొకటి చెప్పక తప్పదు. అమెరికాలో మన తెలుగు కుటుంబములును నివసించు అపార్టుమెంట్లను కాండోమినియములందురు. వానిని ఏలునది యజమానులు ఎన్నుకొనిన బోర్డు. ఫ్లారిడా రాష్ట్రమున సర్ఫ్‌సైడ్ అను సముద్రతీరపు ఊరిలో 1981లో కట్టిన పండ్రెండంతస్తుల భవనము, చాంప్లెయిన్ టవర్స్ సౌత్, 2021 జూన్ 24న తెల్లవారకముందే కూలినది. 98 మంది మరణించిరి. 2018లోనే ఒక ఇంజనీరు కాంక్రీటు దెబ్బతిన్నదని నివేదిక ఇచ్చియున్నాడు. మరమ్మతుల ఖర్చు పెద్దది, వాదములు సాగినవి, పని ఆలస్యమైనది.

ఆ దుర్ఘటన తరువాత 2022లో ఆ రాష్ట్రము చట్టమును మార్చినది. మూడంతస్తులును అంతకు మించియు ఉన్న కాండోమినియములకు ముప్పది యేండ్లు నిండినప్పుడు కట్టడపు పరీక్ష తప్పనిసరి చేసినది. పైకప్పు, స్తంభములు మొదలగువాని కొరకు నిధి కూడబెట్టకుండ సభ్యులు ఓటువేసి తప్పించుకొనుటకు వీలు లేదన్నది. ఏండ్ల తరబడి పొదుపు చేయని బోర్డులు ఒక్కసారిగా పెద్ద మొత్తములను వసూలు చేయవలసివచ్చినది. విశ్రాంత జీవితము గడపుచున్న వృద్ధులు అనేకులు ఆ భారమును మోయలేక బాధపడిరి. 2025లో ఆ రాష్ట్రమే గడువులను, నియమములను కొంత సడలించినది. నేర్వవలసినది స్పష్టము: చట్టము బలవంతపెట్టినప్పుడు కట్టు వేలకంటె, ముందుచూపుతో నెలనెలా దాచు వందలు తేలిక. మన సంఘములు మూలనిధిని వేరు ఖాతాలో ఉంచి, దానిని రంగులకు, పండుగలకు వాడరాదని తీర్మానము చేసికొనుట మేలు.

పన్ను విషయము రెండు మాటలలో చెప్పెదము. 2017లో వచ్చిన జి.ఎస్.టి. క్రింద, సభ్యుడు నెలకు చెల్లించు మొత్తము ఫ్లాటునకు 7,500 రూపాయలకు మించనిచో పన్ను లేదు. మించినప్పుడును, సంఘపు వార్షిక వసూలు 20 లక్షలకు మించినప్పుడే నమోదు అవసరము. ఇరువది ఫ్లాట్లవారు ఇంటికి 8,000 వసూలు చేసినను సంవత్సరమునకు 19 లక్షల 20 వేలే, పన్ను లేదు. నూరు ఫ్లాట్లవారు అంతే వసూలు చేసినచో 96 లక్షలు, పన్ను కలదు. అప్పుడు 8,000 మీదను 18 శాతము, అనగా 1,440 రూపాయలు చెల్లించవలెనని 2019లో ప్రభుత్వము వివరించినది. మించిన 500 మీదనే పన్ను అని 2021లో మద్రాసు హైకోర్టు తీర్పు చెప్పినది. ఈ భేదమును ఆడిటరుతో చర్చించక మెయింటెనెన్సును 7,400 నుండి 7,600కు పెంచు సంఘము, రెండువందలు ఆశించి అంతకు ఎన్నియో రెట్లు నెత్తికెత్తుకొనవచ్చును.

ఇన్ని మార్పులను ఒక కార్యవర్గము ఎట్లు అందుకొనగలదని శ్రోతలు అడుగవచ్చును. కార్యవర్గములోనివారు ఉద్యోగులు, వ్యాపారులు, గృహిణులు, వకీళ్ళు కారు. నిజమే. అందరును చట్టము చదువనక్కరలేదు. ఒక్క సభ్యునికి ఆ పని అప్పగించిన చాలును. సంవత్సరమునకొకసారి, సర్వసభ్య సమావేశమునకు నెల ముందు, ఒక న్యాయవాదిని, ఒక ఆడిటరును కూర్చుండబెట్టుకొని, ఈ సంవత్సరము చట్టములో ఏమి మారినది, మన నియమావళిలో ఏ మాట పాతబడినది, అని అడిగి వ్రాసికొనవలెను. ఆ సవరణలను నియమావళి చెప్పిన సంఖ్యాబలముతో ఆమోదింపజేసి, రిజిస్ట్రారు కార్యాలయములో దాఖలు చేయవలెను. కార్యవర్గ సభ్యుల జాబితాను ఏటేట దాఖలు చేయుట మరువరాదు. ఈ చిన్న పని మానిన సంఘము, పెద్ద వ్యాజ్యమునాడు ‘అసలు మీరెవరు?’ అను ప్రశ్నకు సమాధానము చెప్పుకొనలేదు.

పాత భవనములవారు, ఈ క్రొత్త చట్టము మాకు వర్తించదు గదా యని నిరాశ పడనక్కరలేదు. 1987 చట్టము వారికి ఉన్నది. తేదీల పుస్తకము, పత్రముల పెట్టె, మూలనిధి, ఇంజనీరు పరీక్ష, ఈ నాలుగింటిని చేసికొనుటకు ఏ చట్టపు అనుమతియు అక్కరలేదు. భవనము పాతదైనకొలది వీని అవసరము హెచ్చును గాని తగ్గదు.

సభ్యులకును ఒక మాట. కార్యదర్శి పదవి జీతము లేని కొలువు. సమావేశమునకు రాకుండ, వచ్చినవారిని విమర్శించుట సులభము. ఉమ్మడి కుటుంబములో పెద్దను లెక్క అడుగు హక్కు అందరికిని ఉన్నట్లే, పనిలో చేయి కలుపు బాధ్యతయు అందరికి ఉండెడిది. ఏటికొక్క సాయంకాలము కూర్చుండి లెక్కలు వినుట, ప్రశ్న లడుగుట, తీర్మానము చదివి సంతకము చేయుట, ఇంతమాత్రము చేయని యజమాని తన అవిభక్త వాటాను తానే వదలుకొనుచున్నవాడు.

మేము చెప్పిన ఆ నలువది ఇండ్ల భవనములో సెల్లారు గోడ ఇప్పుడు పొడిగా ఉన్నది. క్రొత్త కార్యవర్గము వచ్చినది. వారి మొదటి సమావేశములో మాస్టారు ఒక గట్టి అట్ట పుస్తకము తెచ్చి బల్లమీద పెట్టినాడు. మొదటి పుట పైభాగమున గుండ్రని అక్షరములతో ‘తేదీలు’ అని వ్రాసియున్నది. క్రింద మొదటి పంక్తిలో లిఫ్టు పరీక్ష, రెండవ పంక్తిలో అగ్నిమాపక పరికరముల తనిఖీ, మూడవ పంక్తిలో రిజిస్ట్రారుకు జాబితా. ప్రతి పంక్తి చివర సంతకమునకు ఖాళీ ఉంచినాడు. ఆ సంవత్సరము ఆ ఖాళీలన్నియు సకాలములో నిండినవి.